అడ్డం సముద్రం కాదు, ఇంటర్ గ్రూపు

"మెరైన్ బయాలజీయా? హైదరాబాద్‌లో ఉండి? హుస్సేన్ సాగర్‌లో తిమింగలాలు పెంచుతావా?"

మా అపార్ట్‌మెంట్‌లో ఒక అమ్మాయి ఇంటర్ బైపీసీ అవగానే డిగ్రీలో మెరైన్ బయాలజీ, అంటే సముద్ర జీవుల శాస్త్రం, చదువుతానంది. ఇంటికొచ్చిన బాబాయి అన్న మాట అది. అందరూ నవ్వారు. నేనూ కాస్త నవ్వాను, ఆ తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ బాబాయి ఉండేది ప్రగతినగర్‌లో. ఆయన పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే దారికి కూతవేటు దూరంలోనే ఇన్‌కాయిస్ ఉంది.

ఇన్‌కాయిస్ అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో పెట్టారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత దేశానికి ఒక హెచ్చరికల కేంద్రం కావాల్సి వస్తే, 2007లో దాన్నీ ఇక్కడే పెట్టారు. హిందూ మహాసముద్రం అడుగున ఎక్కడ భూమి కదిలినా మన దేశానికి అలారం మోగేది విశాఖలో కాదు, చెన్నైలో కాదు, నిజాంపేట పక్కన. ఇంకో చిత్రం. ఎయిర్‌పోర్టుకి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లేవాళ్లకి చేప ఆకారంలో పెద్ద భవనం కనిపిస్తుంది. పిల్లలు కారు కిటికీలోంచి చూపించి కేరింతలు కొడతారు. అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం. దేశంలో చేపల పెంపకానికి డబ్బులు మంజూరు చేసే ఆఫీసు సముద్రం లేని ఊళ్లో ఉంటే ఎవరికీ నవ్వు రాలేదు. ఒక ఆడపిల్ల సముద్రం చదువుతానంటే మాత్రం వచ్చింది.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. మెరైన్ బయాలజీ డిగ్రీ చదవడానికి హైదరాబాద్ పనికిరాని ఊరు కాదు. ఇవాళ ఆ చదువు నడుస్తున్న తీరు చూస్తే, దేశంలో బాగా పనికొచ్చే ఊళ్లలో ఇదొకటి.

చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు ప్రగతినగర్ నుంచి, అంటే ఇన్‌కాయిస్ నుంచి, కబురు వెళ్తుంది. దాని సంగతే తీసుకోండి. ఉపగ్రహానికి చేపలు కనిపించవు. అది చూసేది నీటి రంగు, నీటి పైపొర వేడి. సముద్రంలో కంటికి ఆనని మొక్కలుంటాయి, ఫైటోప్లాంక్టన్ అంటారు. మన తోటకూరలో ఉన్న పత్రహరితమే వాటిలోనూ ఉంటుంది. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి పనే. అవి పోగైన చోట నీలం నీళ్లు పచ్చబారతాయి. చల్లనీళ్లూ వెచ్చనీళ్లూ ఒరుసుకునే అంచుల్లో ఈ పచ్చదనం ఎక్కువ. దాన్ని తినడానికి చిన్న చిన్న జీవులు, వాటికోసం కవళ్లు, కానాగంతల్లాంటి చేపలు, వాటి వెనకాలే వాటిని తినే వంజరం చేప. ఓషన్‌శాట్ ఉపగ్రహాల సంకేతాలు షాద్‌నగర్‌లో దిగుతాయి, ప్రగతినగర్‌లో మ్యాపులవుతాయి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు అని తెలుగులో ఒడ్డుకు చేరతాయి. కాకినాడ బోటు మనిషి ఇంజన్ స్టార్ట్ చేసేముందు చూసుకునే కబురు రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల మీదుగా వెళ్తోందన్నమాట.

మబ్బులు కమ్మితే ఈ కబురు ఆగిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి తూర్పు తీరంలో ఉండే 61 రోజుల వేట నిషేధంలో అసలు ఇవ్వరు. ఆ రోజులే ఎందుకు? చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలమని. మరి అన్ని చేపలూ ఆ రెండు నెలల్లోనే పెడతాయా? పెట్టవు. ఏది ఎప్పుడు పెడుతుందో తేల్చాలంటే నెలనెలా రేవుకెళ్లి, చేప కడుపు కోసి, గుడ్ల సైజు కొలిచి, రాసుకోవాలి. మెరైన్ బయాలజీ అంటే డాల్ఫిన్లతో ఈత అనుకునేవాళ్లు ఈ వాసన ఒకసారి చూడాలి.

నన్నడిగితే అన్నిటికంటే ఊరించేది బంగాళాఖాతం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి కుమ్మరించే మంచినీళ్లు ఉప్పునీళ్లకంటే తేలిక కాబట్టి సముద్రం మీద మూతలా పరుచుకుంటాయి. గాలి వీచినా ఆ మూత ఓ పట్టాన కలవదు. అడుగునున్న పోషకాలు పైకి రావు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లాంక్టన్ పంట తక్కువ. పైగా ఆ మూత కిందే వేడి నిలవ ఉండి, తుపాన్లకి మేత అవుతుంది. విశాఖ ఒడ్డున మాత్రం వానాకాలానికి ముందు కొన్నాళ్లు అడుగు చల్లనీళ్లు పైకి లేస్తాయి. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ దాని మీద ఇక్కడే పనిచేశాడు. అప్పట్లో పడవెక్కి సీసాల్లో నీళ్లు పట్టుకోవాలి. ఇప్పుడు ఆర్గో అనే తేలుడు యంత్రాలు ప్రపంచ సముద్రాల్లో నాలుగు వేల దాకా తిరుగుతున్నాయి. రెండు వేల మీటర్ల లోతుకి దిగి, పది రోజులకోసారి పైకొచ్చి, ఉప్పెంత, వేడెంత అని ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతాయి. కొన్ని ఆక్సిజన్, పత్రహరితం కూడా కొలుస్తాయి. మన దేశం తరఫున ఆ లెక్కలన్నీ చూసేదీ ఇన్‌కాయిసే. ఆ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కూర్చుని ఒక డిగ్రీ కుర్రాడు బంగాళాఖాతం మూత మందం కొలవొచ్చు.

సముద్రం చూడకుండా సముద్రం చదువేమిటి అని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. మోకాలి లోతు బురదలో దిగకుండా, రాయి తిప్పి కింద ఏముందో చూడకుండా ఎవరూ మెరైన్ బయాలజిస్టు కాలేరు. ఫార్మలిన్ సీసాలో తెల్లబడ్డ జెల్లీఫిష్‌ని చూసి నేర్చుకునేది సగమే. దానికి జవాబు గోదావరి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. టూర్ తేదీలు ప్రిన్సిపాల్ సెలవుల్ని బట్టి కాకుండా పంచాంగం చూసి పెట్టుకుంటే చాలు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ పాటూ రెండూ గట్టిగా ఉంటాయి, రాళ్లు బాగా బయటపడతాయి. అష్టమి నాడు వెళ్తే పెద్దగా ఏమీ కనిపించదు. సెమిస్టర్‌కి రెండు అమావాస్యలు ఒడ్డున, మిగతా రోజులు ఇక్కడ. అంతకంటే ఏం కావాలి?

ఉద్యోగాల సంగతి ఎక్కువ చెప్పను. 2009లో వనామీ రకం రొయ్య వచ్చినప్పటి నుంచి కోస్తాలో రొయ్యల హేచరీలకి, ల్యాబులకి మనుషులు కావాలి. 2021లో కేంద్రం 4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్ ఒప్పుకుంది. ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకి తీసుకెళ్లడానికి తయారుచేస్తున్న జలాంతర వాహనం మత్స్య 6000 అందులోదే. సాఫ్ట్‌వేర్ అంత జీతాలు రావు. వస్తాయని ఆశపెట్టేవాళ్ల బ్రోషర్లు నమ్మొద్దు.

మరి అడ్డమేమిటి? కోర్సు లేకపోవడం ఒకటి. ఆ అమ్మాయికి తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో, వెబ్ ఆప్షన్లలో ఈ పేరుతో ఏదీ కనిపించలేదు. మన చుట్టుపక్కల ఈ సబ్జెక్టుకి పేరున్నవి చాలావరకు పీజీలే. తమిళనాడులో పరంగిపేట కేంద్రం ఉంది, నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. పెబ్బేరు, ముత్తుకూరు కాలేజీల్లో ఉన్న బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్య శాస్త్రం డిగ్రీ, మంచి చదువే కానీ, అది ఎక్కువగా చేపల్ని పెంచే, పట్టే శాస్త్రం. సముద్రంలో వాటంతటవే బతికే చేపల గురించి అడిగేది వేరే శాస్త్రం. ఇదంతా ఓ జీవోతో, నాలుగు సంతకాలతో తేలే పని. కోర్సు పెట్టినా తేలనిది ఇంకోటుంది.

పైన నేను చెప్పినవి మళ్లీ చూడండి. ఉపగ్రహం రంగులు, మూత మందం, గుడ్ల సైజు. అన్నీ లెక్కలే. ఒక చేప జాతి సముద్రంలో ఎంతుంది, ఎంత పడితే తరిగిపోతుంది అని చెప్పాలంటే చేప ఎదుగుదలకి ఒక వక్రరేఖ గీయాలి, చావుల రేటుకి ఒక సమీకరణం రాయాలి. డిఫరెన్సియేషన్ రాకుండా, స్టాటిస్టిక్స్ రాకుండా ఇవాళ ఈ సబ్జెక్టులో మొదటి మెట్టు ఎక్కలేరు. మనం చేసిందేమిటి? పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలో పదిహేనేళ్ల పిల్లని పిలిచి ఎంపీసీయా, బైపీసీయా అని అడిగాం. జీవులంటే ఇష్టమన్న పాపానికి ఆమె చేతిలోంచి లెక్కల పుస్తకం లాగేశాం. లెక్కలంటే ఇష్టమన్నవాడికి ఆల్చిప్పకీ పీతకీ తేడా తెలియకుండా చేశాం.

బైపీసీ అంటే నీట్. 2024లో దేశమంతా 24 లక్షల మంది దరఖాస్తు చేస్తే ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. సీటు రానివాళ్లు లాంగ్ టర్మ్‌లో మళ్లీ అదే చదువు, అదే టెన్షన్. బొద్దింక జీర్ణవ్యవస్థ పటం కళ్లు మూసుకుని గీయగలరు, ఆ బొద్దింకలు మా వీధిలో ఎన్నున్నాయో అంచనా కట్టమంటే మాత్రం ఎలా మొదలుపెట్టాలో తెలీదు. వాళ్ల తప్పు కాదు, ఆ ప్రశ్న వాళ్లనెవరూ అడగలేదు. సముద్రం ఒక్కటే కాదు, అంటువ్యాధులు, అడవులు, జన్యువులు, ఏ జీవశాస్త్రం చూసినా ఇదే కథ. మన కార్పొరేట్ కాలేజీలు డాక్టర్లనీ ఇంజనీర్లనీ విడివిడి బిల్డింగుల్లో తయారుచేసే ఫ్యాక్టరీలు. ఆ రెండు బిల్డింగుల మధ్య ఖాళీలోనే ఈ శతాబ్దపు సైన్స్ అంతా ఉంది.

చేయలేని పనేం కాదు. సీబీఎస్‌ఈలో లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదువుతున్నారు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు ఈమధ్య ఆ రెండూ ఉండే ఎంబైపీసీ గ్రూపుకి తలుపు తెరిచింది. బైపీసీ పిల్లలు బీటెక్ బయోటెక్నాలజీకి వెళ్తే బ్రిడ్జి కోర్సు పెట్టి లెక్కలు చెబుతున్నారు కదా, అదే బ్రిడ్జిని డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పిల్లలకీ వేయమనండి. మెరైన్ బయాలజీ కోర్సు పెట్టడానికి ముందు తెలంగాణలో జరగాల్సింది ఇది.

ఆ అమ్మాయి చివరికి బీజెడ్‌సీలోనే చేరింది. ఇప్పుడు ఎంపీసీ చదివే తమ్ముడి దగ్గర లెక్కల వన్-బీ పుస్తకం తీసుకుని రాత్రిళ్లు డిఫరెన్సియేషన్ చేస్తోంది. బదులుగా తన జువాలజీ పుస్తకం ఇస్తానంటే, తమ్ముడు వద్దన్నాడట.