ఐదేళ్ల అనుభవానికి దక్కేది 10 పెన్నీలేనా?

ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లనీ, వికలాంగులనీ ఇళ్లలో, కేర్ హోముల్లో చూసుకునే కేర్ వర్కర్ల కొరత అనగానే చర్చ వీసాల మీదకు వెళ్లిపోతుంది. 2022 ఫిబ్రవరిలో తలుపులు తీయడం, 2024 మార్చిలో కుటుంబాన్ని తెచ్చుకోవద్దనడం, 2025 జులైలో విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడమే ఆపేయడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నన్నడిగితే, రావాల్సినవాళ్ల కంటే వెళ్లిపోతున్నవాళ్ల గురించి ఎక్కువ బెంగపడాలి.

కేర్ రంగంలో ఉద్యోగుల లెక్కలు తీసే స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ ప్రకారం 2023-24లో దాదాపు నలుగురిలో ఒకరు చేస్తున్న ఉద్యోగం వదిలేశారు. ఎందుకు వదలరు? అదే సంస్థ 2024లో తేల్చింది చూడండి: ఐదేళ్లు పైబడి పనిచేసిన కేర్ వర్కర్‌కి, ఏడాది కూడా నిండని కొత్తవాళ్లకన్నా గంటకి సగటున 10 పెన్నీలే ఎక్కువ. కనీస వేతనం ఏటా పెరుగుతోంది, అది పెరగాల్సిందే, కానీ కౌన్సిళ్లు, అంటే స్థానిక ప్రభుత్వాలు, కేర్ సంస్థలకిచ్చే రేట్లు ఆ వేగంతో పెరగవు కాబట్టి కింది మెట్టు పైకి లేచి పై మెట్టుకి తగులుకుంది, మధ్యలో ఎక్కడానికేమీ మిగల్లేదు.

అనుభవం ఏం చేస్తుందో దగ్గర నుంచి చూసినవాళ్లకి ఈ 10 పెన్నీలు మింగుడుపడవు. మతిమరుపు జబ్బుతో (డిమెన్షియా) ఉన్న పెద్దావిడ ఇంటికి పదిహేను నిమిషాల విజిట్. కొత్తమ్మాయి మాత్రలిచ్చి, ప్యాడ్ మార్చి, యాప్‌లో టిక్కు కొట్టి పరుగెడుతుంది. ఏళ్ల తరబడి అదే ఇంటికి వెళ్తున్న ఆవిడ మాత్రం గ్లాసులో నీళ్లు పొద్దున్న పోసినవి పోసినట్టే ఉన్నాయని గమనిస్తుంది, నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ ఎందుకు తికమకపడుతోందని ఆలోచిస్తుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఏమోనని డాక్టర్‌కి ఫోన్ చేయిస్తుంది, మడమ దగ్గర చర్మం ఎర్రబడితే పుండు పడకముందే పసిగడుతుంది. ఒక ఆసుపత్రి అడ్మిషన్ అక్కడే తప్పిపోతుంది. ఇంత చేసి ఆమె తర్వాతి ఇంటికి బస్సులో వెళ్లే సమయానికి చాలాచోట్ల విడిగా డబ్బులు కట్టరు.

కౌన్సిళ్ల దగ్గర డబ్బు లేదంటారు. నిజమే, లేదు. కానీ ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు దొరక్క, జబ్బు నయమైన మనుషులు ఆసుపత్రి మంచాల మీదే ఉండిపోతే ఆ ఖర్చు అదే ప్రభుత్వం భరిస్తోంది కదా.

అసలు ఈ పనిని నైపుణ్యంగా ఎందుకు లెక్కించరంటే, చేసేవాళ్లలో ఐదుగురికి దాదాపు నలుగురు ఆడవాళ్లు కావడం వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో తల్లీ, కోడలూ ఊరికే చేసే పనికి జీతమివ్వడమే గొప్ప అన్న ఆలోచన ఏ దేశంలోనైనా ఒకటే. వీసా మీద వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. 2022 జులై నుంచి 2024 చివరి దాకా 470కి పైగా కేర్ సంస్థల స్పాన్సర్ లైసెన్సులు, అంటే విదేశీయుల్ని వీసా మీద పనిలో పెట్టుకునే అనుమతులు, రద్దయ్యాయి, వాటితో ముడిపడ్డ 39,000 మందికి పైగా కార్మికులు ఇబ్బందిలో పడ్డారు. స్పాన్సర్ పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకొకరిని వెతుక్కోవాలి. ఆ టెన్షన్‌తో నోరు మూసుకుని ఉండిపోయేవాళ్లని చూపించి మా స్టాఫ్ నిలకడగా ఉన్నారని ఏ యజమానీ చెప్పుకోకూడదు.

2028లో కేర్ రంగానికి ప్రత్యేక వేతన ఒప్పందం తెస్తామని, దానికి 50 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం అంటోంది. ఆ డబ్బంతా కింది రేటును ఇంకొన్ని పెన్నీలు పెంచడానికే పోకూడదు. రెండేళ్లకొక మెట్టు, ఐదేళ్లకొక మెట్టు, డిమెన్షియా కేర్‌లో శిక్షణ పొందితే ఇంకొకటి, ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి పూర్తి జీతం: ఇవి ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి, కౌన్సిల్ కట్టే రేటు కూడా వాటిని బట్టే లెక్కగట్టాలి.