రోడ్డెక్కని రోడ్ రన్నర్

మొన్న ఆగస్టులో, డెట్రాయిట్ ఉడ్‌వార్డ్ అవెన్యూ పక్కన పాత కార్ల ప్రదర్శనలో, ముందు తల వంచి, తర్వాత నడుం వంచి, చివరికి మోకాళ్ల మీద కూలబడి ఒక అద్దంలోకి చూశాను. కారు కింద వెల్లకిలా పడుకోబెట్టిన అద్దం. అందులో వెనక ఇరుసు కనిపించింది. పక్కనే ‘దయచేసి ముట్టుకోకండి’ అని బోర్డు. ముట్టుకోవాలంటే నేల మీద పాకాలి, ఎవరు పాకుతారండీ?

ఆ అద్దం గురించి నాలుగు మాటలు అనకపోతే నాకు అన్నం సయించదు.

కారు 1969 ప్లిమత్ రోడ్ రన్నర్. హెమీ అనే బలమైన ఇంజిన్, నాలుగు గేర్లు, కాగితం మీద 425 హార్స్‌పవర్. ఈ జోడీ క్లచ్ వదిలితే వచ్చే ఊపుకి అల్లాటప్పా ఇరుసులు ఆగవని, ట్రక్కుల కోసం పుట్టిన డానా 60 అనే ఇరుసుని తెచ్చి, ప్లిమత్ కార్లు చేసే క్రైస్లర్ వాళ్లు కింద తగిలించారు. లోపల చక్రాలకు ఊపు అందించే పెద్ద పళ్ల చక్రం, రింగ్ గేరే తొమ్మిది ముప్పావు అంగుళాలు. అందచందాల కోసం చేసిన సరుకు కాదది. ఇదే ఉడ్‌వార్డ్ మీద పచ్చ లైటు పడగానే టైర్లు కాల్చే కుర్రాళ్ల దెబ్బలు తినడానికి చేసింది.

ఇప్పుడు దానికి అద్దంలో దర్శనం. తీర్థం ఒక్కటే తక్కువ.

కారు యజమాని మా వీధి పెద్దమనిషే. కిందటి చలికాలం తన గరాజులో ఈ ఇరుసును విప్పించి మళ్లీ కట్టించారు. కట్టింది ఒక ముసలి మెకానిక్. నాకూ ఇనుము పిచ్చి ఉంది కాబట్టి శనివారాలు వెళ్లి కూర్చునేవాణ్ని. రింగ్ గేరుని తిప్పే చిన్న గేరు, పినియన్, ఎంత లోతున కూర్చోవాలో షిమ్ములనే కాగితమంత పలచటి రేకులు తేలుస్తాయి. షిమ్ము పెట్టి, బేరింగ్ ఎక్కించి, రింగ్ గేరు దించి, దాని పళ్లకు మా అమ్మమ్మ గడపకు పసుపు రాసినట్టు పసుపుపచ్చ పేస్టు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూడాలి. పంటి అంచుకు జరిగిందా, మొత్తం విప్పాల్సిందే. రెండు గేర్ల మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి తొమ్మిది, అంతే. ఆయన అయిదుసార్లు విప్పాడు. అయిదోసారి ముద్ర పంటి నడిమధ్యన పడింది. ఏమీ అనలేదు, చేతులు తుడుచుకున్నాడు.

యజమాని చూడలేదు. ఆయన రంగు చుక్క పనిలో ఉన్నారు.

చుక్క సంగతి మీకు తెలియాలి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో తనిఖీ అయిపోయిందని గుర్తుగా బ్రష్షుతో ఒక రంగు మరక కొట్టేవారు. ఇప్పుడు పాత కార్ల పోటీల్లో ఆ మరక ఉందో లేదో కూడా చూస్తారు. అందుకని మా పెద్దమనిషి పాత ఫొటో ఒకటి సంపాదించి, భూతద్దం పెట్టి, మూడు సైజుల బ్రష్షులు పరిచి, రంగు నిలువుగా కారాలా, కాస్త ఎడమకు కారాలా అని ఎవరెవరికో ఫోన్లు చేశారు. కొట్టారు. తుడిచారు. మళ్లీ కొట్టారు. ‘మరీ నీటుగా వచ్చింది’ అని దిగులుపడ్డారు. 1969లో ఎవడో కార్మికుడు షిఫ్టు చివర ఆవలిస్తూ కొట్టిన చుక్క అది. ఆ ఆవలింత కూడా చుక్కలో కనిపించాలి! సాయంత్రానికి కనిపించింది. పెద్దమనిషి కళ్లు చెమర్చాయి. ఆ రాత్రే అద్దం ఆర్డర్ చేశారు.

మెకానిక్ వెళ్తూ ఒకటే చెప్పాడు. కొత్త గేర్లు కదా, పావుగంటో ఇరవై నిమిషాలో మెల్లగా తోలి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ తోలండి, అలా కొన్నిసార్లు చెయ్యండి, అయిదువందల మైళ్లకు ఆయిల్ మార్చండి అని. పెద్దమనిషి నవ్వారు. తోలితే అడుగున మట్టి పడదూ? అంతటితో ఆగినా బాగుండేది. ‘తోలేదే లేనప్పుడు అయిదుసార్లు విప్పడం దేనికి? అన్ని గంటలకు నేనెందుకివ్వాలి?’ అని బిల్లులో కోత పెట్టారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మరకకి ఒక పగలంతా ధారపోసిన మనిషికి, వెయ్యో వంతుల్ని చేతివేళ్లతో పట్టుకున్నవాడి గంటలు బరువయ్యాయా? ఆ పని చేతనైనవాళ్లు ఇంకెంతమంది మిగిలారు? నేర్చుకుందామని ఆయన వెంట తిరిగే కుర్రాడు ఒక్కడూ లేడు. ఎందుకుంటాడు? నేర్చుకుంటే దొరికేది ఈ కోతే కదా! ఆ ఇరుసులో నిజమైనది ఆ సందు ఒక్కటే. అది అద్దంలో కనిపించదు. కనిపించదు కాబట్టే దానికి డబ్బులు లేవు. సిగ్గుండాలి.

పేరు మాత్రం రోడ్ రన్నర్. హారన్ నొక్కితే కార్టూన్ పక్షిలా ‘బీప్ బీప్’ అంటుందట. ప్రదర్శనలో ఎవరో పిల్లాడు నొక్కమని అడిగితే బ్యాటరీ తీసేశామన్నారు.

సాయంత్రం దాన్ని నలుగురు కలిసి నెట్టి, తలుపులున్న ట్రెయిలర్‌లోకి ఎక్కించారు. ముందు కట్టిన డీజిల్ ట్రక్కు ఆ బరువంతా లాక్కుంటూ కదిలింది. దాని వెనక ఇరుసు తుప్పు పట్టి, బురద కొట్టుకుని, ఆయిల్ చెమ్మ కారుతూ ఉంది. దాన్ని చూడాలంటే వంగాల్సిన పనే లేదు.