టార్ గారికి, అబిడ్స్ ఫైలు పోగొట్టుకున్నవాడు రాసేది

అయ్యా టార్ గారూ,

తమరు ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టే కమాండు, 1979లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన పెద్దమనిషి, టేపుల కాలం నాటివారు, కాబట్టి గౌరవంగానే మొదలుపెడతాను.

నిన్న లంచ్ తర్వాత మాదాపూర్ ఆఫీసులో అమ్మకాల ఫైళ్లు మూటగట్టి పంపమన్నారు, ఏరియాకో ఫైలు. టార్, సీ జెడ్ ఎఫ్ (మూటగట్టి కుదించమని), పక్కన స్టార్ గుర్తు (ఫోల్డర్‌లో ఉన్నవన్నీ అని), ఎంటర్. మూటకి పేరివ్వడం మర్చిపోయాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. ఎర్రర్ ఏమీ రాలేదు, మూట ఎక్కడా అని వెతికితే లేదు. తీరా చూస్తే అబిడ్స్ ఫైలు నిండా పిచ్చి గుర్తులు. ఎఫ్ పక్కన ఏ పేరుంటే అదే మూట పేరట కదా తమకి! మనం కొట్టిన కమాండు చదివి నడిపే షెల్ ఆ స్టార్‌ని అక్షర క్రమంలో ఫైళ్ల పేర్లుగా విప్పింది, మొదట అబిడ్స్ వచ్చింది, తమరు దాన్ని తుడిచేసి అందులో అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ అన్నీ కుక్కేశారు.

ఒక్క మాట అడిగితే ఏం పోయేది? ఏ ఫైలూ ఇవ్వకుండా మూట కట్టమంటే మాత్రం లినక్స్‌లో ఉండే మీ గ్నూ అవతారం 'పిరికితనంతో నిరాకరిస్తున్నాను' అని ఇంగ్లీషులో చెబుతుంది. ఖాళీ మూటంటే భయం, నిండు ఫైలు గొంతు కోయడానికి ఆ భయం లేదా నీకు? విప్పేటప్పుడు ఎక్స్ ఎఫ్ అంటే చాలు, కుదించిన పద్ధతి జీజిప్పో ఎక్స్‌జెడ్డో నువ్వే కనిపెట్టేస్తావు, ఆ తెలివి కట్టేటప్పుడు ఏ గంగలో కలిసింది?

అబిడ్స్ ఫైలు మళ్లీ తీసివ్వమని డేటాబేస్ చూసే తమ్ముడికి ఫోన్ చేస్తే "సాయంత్రం కల్లా ఇస్తా అన్నా" అన్నాడు. వాడి సాయంత్రం ఏడున్నరకి అయింది, అప్పటికి సైబర్ టవర్స్ దగ్గర బండి కదిలితే ఒట్టు.

మొన్న ఎవరి మూటో విప్పితే ఫోల్డర్ అన్నదే లేకుండా నా హోమ్ ఫోల్డర్ నిండా అక్షింతల్లా ఫైళ్లు చల్లావు, సరే, అది పంపినవాడి తప్పు. ఫైలు కుదించి అసలుది మాయం చేసే మీ తోడల్లుడు జీజిప్‌కి వేరే లేఖ రాస్తా.

రాత్రి మళ్లీ నీతోనే పంపాను లే. లింకులు, పర్మిషన్లు చెదరకుండా మోసేది నువ్వే, ఏం చేస్తాం. కాకపోతే ఫోల్డర్‌లో అన్నిటికంటే ముందొచ్చేలా 'ఏఏఏ' అని ఓ ఖాళీ ఫైలు పెట్టాను, దిష్టిబొమ్మలాగా. ఈసారి కొరికితే దాన్ని కొరుకు.