ఆ ఆరు వారాలూ ఎవరి పాలు?

‘కాస్త పెరగనివ్వండి. మూడు నెలలు నిండాక తీసుకురండి, ఆపరేషన్ చేస్తాం.’ గ్రహణం మొర్రితో పుట్టిన పసికందును ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులను నేటికీ ఈ ఒక్క మాట చెప్పి పంపేస్తున్నారు. పెదవికి సంబంధించినంత వరకు అది తప్పు కాదు. ముక్కు విషయంలో మాత్రం క్షమించరాని నిర్లక్ష్యం.

పెదవి చీలిన వైపు ముక్కుపుటం అణగి పక్కకు జారిపోతుంది. కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల ముక్కుపుటంలోని మృదులాస్థి (మెత్తటి ఎముక) పుట్టిన కొత్తలో మైనంలా వంగుతుంది. ఆ హార్మోన్ తగ్గేకొద్దీ దాదాపు ఆరు వారాల్లోనే బిగుసుకుపోతుంది. అది మెత్తగా ఉండగానే సరిదిద్దే పద్ధతిని న్యూయార్క్ వైద్యులు గ్రేసన్, కటింగ్ 1993లోనే చూపారు. అంగిలి అచ్చు తీసి, దానికి సరిపడే అక్రిలిక్ (ప్లాస్టిక్) పలకను నోట్లో అమరుస్తారు. పెదవి అంచులను టేపుతో దగ్గరకు లాగుతారు. చీలిక కొంత తగ్గాక పలకకు చిన్న తీగ బిగిస్తారు. దాని కొసనున్న గింజలాంటి బొడిపె ముక్కుపుటాన్ని లోపలి నుంచి ఎత్తి నిలుపుతుంది. వారం వారం మిల్లీమీటరు మేర సవరిస్తూ పోతారు. కత్తి పట్టేనాటికి సర్జన్ పని సగం తేలికవుతుంది.

దీర్ఘకాలిక ఫలితాలపై నిపుణుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, వారం వారం తిరగడం పేదలకు భారమే. కాదనడం లేదు. కానీ తేల్చుకోవలసింది తల్లిదండ్రులు. గడువు దాటాక చెబితే వారు తేల్చుకునేదేమిటి?

పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించేందుకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లాలి. లెక్క చూడండి: ఆరు వారాలు, ఆరు రాకలు! ముక్కు వంగే కాలమంతా ప్రభుత్వం ఆ గుమ్మంలోనే ఉంటోంది. అయినా చీలిన పెదవితో పాలు పట్టలేక ఏడుస్తున్న బాలింతకు ‘ఈ వారమే వెళ్లండి’ అని చెప్పేవారు లేరు. ‘గ్రహణం చూశావేమో’ అనే ఇరుగుపొరుగు మాత్రం ఉన్నారు.

ఉచిత ఆపరేషన్ల శిబిరం పెట్టగానే ‘ముందు, తర్వాత’ ఫొటోలతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఆ రెండు ఫొటోల మధ్య పోయిన వారాల సంగతి ఏ ఫ్లెక్సీ చెప్పదు. కాన్పు గదిలోనే మొర్రిని గుర్తించి, బిడ్డ ఇల్లు చేరేలోపు నిపుణుడికి చీటీ రాయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు. అది కూడా రాయలేని ఆరోగ్య శాఖ ఫ్లెక్సీలకు ఫొటోలు పంపడం ముందు మానుకోవాలి.