మంత్రానికి వెల కట్టడమే అసలు పని

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ తలా ఒక పాత్రను నడిపించే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలకు మంత్ర వ్యవస్థ రాయబోయేవారు చాలావరకు మంత్రాల జాబితాతోనే మొదలుపెడతారు. మంత్రం వేసినందుకు ఆటగాడు ఏం వదులుకోవాలో ముందే తేల్చుకోకపోతే, ఆ జాబితా ఎంత పొడవైనా ఆటలో తేలిపోతుంది.

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మాంత్రికుడు మంత్రాలను ముందుగా కంఠస్థం చేసుకోవాలి. ప్రయోగించిన మంత్రం అతని మనసులోంచి చెరిగిపోతుంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఈ నియమం సడలినా పొదుపు లెక్క మాత్రం అలాగే ఉంది. ఐదో లెవెల్ విజర్డ్‌కు, అంటే ఐదో మెట్టుకు ఎదిగిన మాంత్రికుడికి, మూడో లెవెల్ స్లాట్లు (ఆ స్థాయి మంత్రాలు వేసే అవకాశాలు) రెండే ఉంటాయి. రోజుకొకసారి చిన్న విశ్రాంతితో ఒకదాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు. ఆ లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ (అగ్నిగోళం) వేస్తే 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవారందరికీ ఎనిమిది ఆరుముఖాల పాచికల మొత్తం దెబ్బ తగులుతుంది, తప్పించుకోగలిగినవారికి అందులో సగం. అదే స్లాట్‌తో గాలిలోకి ఎగరవచ్చు, శత్రువు మంత్రాన్ని మధ్యలోనే తుంచేయవచ్చు. గుహలోని మొదటి గదిలోనే గోబ్లిన్లనే చిన్న రాక్షసుల గుంపు ఎదురైతే ఫైర్‌బాల్ వేసేయాలా, లోపల ఎవరున్నారో తెలిసేదాకా దాచుకోవాలా అని ఆటగాడు తటపటాయిస్తాడు. నా దృష్టిలో ఆ తటపటాయింపును పుట్టించడమే రూపకర్త చేయవలసిన పని.

అయితే ప్రతి పోరాటం తర్వాతా జట్టు నిద్రపోయి స్లాట్లన్నీ నింపుకుంటే ఆ వెలకు విలువ ఉండదు. తెల్లవారేలోపు బందీని విడిపించాలన్న గడువు లాంటిది పెట్టి, కథను నడిపించే గేమ్ మాస్టర్ దాన్ని నిలబెట్టవలసి వస్తుంది. ఈ భారమంతా గేమ్ మాస్టర్ మీదే పడటం ఈ పద్ధతిలోని పెద్ద లోపం.

1987 నాటి ఆర్స్ మాజికా దారి వేరు. సృష్టించడం, మార్చడం వంటి ఐదు క్రియలను నిప్పు, నీరు, మనసు వంటి పది విషయాలతో జోడించి ఆటగాడే మంత్రాన్ని అల్లుకుంటాడు. ఇంత అందమైన అల్లిక మరో ఆటలో నాకు కనిపించలేదు కానీ, కొత్తవారు ఆడేటప్పుడు ఒకరు ఆలోచిస్తుంటే మిగిలినవారు ఎదురుచూడక తప్పదు. 2012 నాటి డంజన్ క్రాల్ క్లాసిక్స్ ప్రతి మంత్రానికీ పాచిక వేయిస్తుంది. ఒకటి పడితే మంత్రం బెడిసికొట్టవచ్చు, మాంత్రికుడి శరీరమే వికృతం కావచ్చు. ఇక్కడ వెల అప్పటికప్పుడే, అందరి కళ్లెదుటే తెలుస్తుంది కాబట్టి నా మొగ్గు దీనివైపే.

తెలుగులో ఇలాంటి ఆట రాయదలచినవారికి కర్ణుడి కథలోనే గట్టి నమూనా ఉంది. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న దాన్ని కర్ణుడు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడిపై ప్రయోగించవలసి వచ్చింది. ఒక్కో పాత్రకు కథ మొత్తానికి అలాంటి అస్త్రం ఒక్కటే ఇచ్చి, ఎవరి కోసం దాచుకుంటున్నారో మొదటి రోజే ఆటగాడి చేత రాయిస్తే, దాన్ని ముందే వాడక తప్పని పరిస్థితులను గేమ్ మాస్టర్ కల్పించగలడు.