సవరణ: సిటీ బస్సులో ఆత్మరక్షణ గురించి

విశాఖ సిటీ బస్సుల్లో భద్రత గురించిన క్రితం పోస్టులో 'మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల మీద చెయ్యి చేసుకోకూడదు' అని రాశాను. దాన్ని కొందరు 'వాళ్లు మీదపడినా తిరగబడే హక్కు లేదు' అని అర్థం చేసుకున్నారు. చట్టం అలా చెప్పదు.

దాడి చేసిన వ్యక్తి మతిస్థిమితం లేక చేసినా మనకు ఆత్మరక్షణ హక్కు అంతే ఉంటుందని భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 36వ సెక్షన్ చెబుతోంది. అయితే అవసరానికి మించి హాని చేయకూడదు, ఇది 37వ సెక్షన్. తనలో తాను మాట్లాడుకుంటున్నాడనో, గట్టిగా అరుస్తున్నాడనో కొడితే అది ఆత్మరక్షణ కాదు. మద్దిలపాలెం లాంటి స్టాపు దగ్గర బస్సు ఆపి దిగే వీలుంటే దిగిపోవడమే మేలు.

ముఖ్యంగా గొంతు బిగించి పట్టుకోవద్దు. 2023 మేలో న్యూయార్క్ సబ్‌వేలో మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి అలాగే చనిపోయాడు. పట్టుకున్న ప్రయాణికుణ్ణి 2024 డిసెంబరులో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది, కానీ పోయిన ప్రాణం పోయింది. ఆ కేసు అక్కడి చట్టం ప్రకారం నడిచింది, మన దగ్గర దాన్ని ఆధారంగా చూపలేం.

ఇంకొకటి, క్రితంసారి వివరంగా రాయనిది. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తే పోలీసులు ఆ మనిషిని లాకప్‌లో వేస్తారేమోనని జంకక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటివారిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ వైద్యశాలకు తీసుకెళ్లాలి. మనకు వాల్తేరులోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంట్లోవాళ్ల గురించి టెన్షన్ పడుతున్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.