రెడ్‌ఫిష్‌లో ఇన్‌హెరిటెన్స్ లేదా? స్కీమా ఫైల్ తెరిచి చూడండి

"సిమ్‌తో పాటే క్లాసుల చెట్టు పోయింది. రెడ్‌ఫిష్‌లో ఇన్‌హెరిటెన్స్ లేదు, అంతా మామూలు జేసన్. పాత సర్వర్లకైతే పేరెంట్ క్లాస్‌ను అడిగితే చాలు, అన్నీ వచ్చేస్తాయి." సర్వర్ మేనేజ్‌మెంట్ స్క్రిప్టులు రాసేవాళ్లలో ఈ మాట బాగా తిరుగుతోంది. సిమ్ (CIM) అంటే సర్వర్ భాగాలను క్లాసులుగా వర్ణించే పాత ప్రమాణం, రెడ్‌ఫిష్ అదే సమాచారాన్ని వెబ్ ద్వారా జేసన్‌లో ఇచ్చే కొత్త ప్రమాణం. ఇన్‌హెరిటెన్స్ అంటే పై (పేరెంట్) క్లాస్ ప్రాపర్టీలు కింది క్లాసుకు (సబ్‌క్లాస్‌కు) రావడం. నమ్మి రాసిన స్క్రిప్టులు తప్పు రీడింగులు చూపిస్తాయి.

ముందు "ఇన్‌హెరిటెన్స్ లేదు" అన్న మాట. 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ విడుదల చేసిన రెడ్‌ఫిష్ స్కీమాలు (ఏ టైప్‌లో ఏ ప్రాపర్టీలు ఉంటాయో చెప్పే ఫైళ్లు) సీఎస్‌డీఎల్ అనే ఎక్స్ఎంఎల్ రూపంలోనూ దొరుకుతాయి. అందులో కంప్యూటర్‌సిస్టమ్ ఫైల్ తెరవండి. ప్రతి కొత్త మైనర్ వెర్షనూ అంతకు ముందు వెర్షన్‌ను బేస్‌టైప్‌గా, అంటే తన పేరెంట్‌గా, చూపిస్తుంది. పైకి వెళ్తూ ఉంటే రిసోర్స్ అనే మూలం దగ్గర తేలతారు. ఇది పుస్తకాల విషయం కాదు. సర్వర్ జవాబులో వచ్చే టైప్ విలువను '#కంప్యూటర్‌సిస్టమ్.వీ1_5_0.కంప్యూటర్‌సిస్టమ్' అని మొత్తంగా పోల్చే కోడ్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయిన రోజే ఆగిపోతుంది. చుక్కల దగ్గర విడగొట్టండి. మొదటి, చివరి ముక్కలు సరిపోవాలి, మధ్యలో మేజర్ నంబర్ (వీ1_5_0లో 1) ఒక్కటే చూడాలి.

ఇక పేరెంట్ క్లాస్ సంగతి. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. సిమ్‌లో సెన్సర్ క్లాస్ కింద న్యూమరిక్‌సెన్సర్ ఉంటుంది. సిమ్ సమాచారం అడిగే ప్రోటోకాల్ సిమ్-ఎక్స్ఎంఎల్‌లో డీప్‌ఇన్‌హెరిటెన్స్‌ను ఫాల్స్‌గా పెట్టి సెన్సర్‌ను ఎన్యూమరేట్ చేస్తే (జాబితా అడిగితే) న్యూమరిక్‌సెన్సర్ ఇన్‌స్టాన్సులు (ఒక్కో అసలు సెన్సర్ వివరాలు) వస్తాయి, కానీ పేరెంట్‌లో ఉన్న ప్రాపర్టీలతోనే. కొలత విలువ ఉండే కరెంట్‌రీడింగ్ ఉండదు, ఎర్రరూ రాదు! అలాంటిదే ఇంకో ప్రోటోకాల్ డబ్ల్యూఎస్-మ్యాన్‌లో పాలిమార్ఫిజం మోడ్ 'నన్' అయితే ఇంకా ఘోరం: అడిగిన క్లాస్‌వి తప్ప వెండర్ సబ్‌క్లాస్ ఇన్‌స్టాన్సులు ఒక్కటీ రావు. కాబట్టి నేరుగా న్యూమరిక్‌సెన్సర్‌నే అడగండి, సబ్‌క్లాసులు కలిసేలా మోడ్ పెట్టండి. వచ్చిన రీడింగ్‌ను అలాగే వాడకండి. కరెంట్‌రీడింగ్ 245, బేస్‌యూనిట్స్ 2 (అంటే సెల్సియస్), యూనిట్‌మాడిఫయర్ (10కి ఘాతాంకం) -1 అయితే అసలు విలువ 245ను 10తో భాగించగా వచ్చే 24.5 డిగ్రీలు. మాడిఫయర్‌ను వదిలేసిన స్క్రిప్ట్ 245 డిగ్రీలని అలారం మోగిస్తుంది.

రెడ్‌ఫిష్‌లో ఇన్‌హెరిటెన్స్ లేదన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. రెడ్‌ఫిష్ సెన్సర్‌కు సబ్‌క్లాసులు లేవు. ఉష్ణోగ్రతో, వోల్టేజో రీడింగ్‌టైప్ ప్రాపర్టీయే చెబుతుంది. వెండర్ (సర్వర్ తయారీ సంస్థ) అదనంగా చేర్చేవి ఓఈఎం అనే విడి ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. ఇది మంచి డిజైనే.

అయినా సిమ్‌లో ఫిజికల్‌ఎలిమెంట్, లాజికల్‌ఎలిమెంట్ అని విడిపోయిన కొమ్మలు ఇక్కడా ఉన్నాయి, ఛాసిస్ (భౌతిక పెట్టె), కంప్యూటర్‌సిస్టమ్ రూపంలో. వాటిని కలిపేది లింక్స్ అనే ప్రాపర్టీ. ఒకే పెట్టెలో (ఎన్‌క్లోజర్‌లో) పలకల్లా అమర్చే బ్లేడ్ సర్వర్లలో ఎన్‌క్లోజర్ ఒక ఛాసిస్, బ్లేడ్ ఇంకో ఛాసిస్ కావచ్చు. సిస్టమ్స్ కింద 1 ఉంది కదా అని ఛాసిస్ కింద 1ని జతచేస్తే, బ్లేడ్ పేరు పక్కన ఎన్‌క్లోజర్ సీరియల్ నంబర్ ఎక్కుతుంది. యూఆర్ఐని (చిరునామాను) ఊహించి రాయకండి. సర్వీస్ రూట్ అనే మొదటి పేజీ నుంచి సిస్టమ్‌కు వెళ్లి, దాని లింక్స్‌లోని ఛాసిస్ జాబితాను పట్టుకుని ఒక్కోదాని ఛాసిస్‌టైప్ చూసి ఎంచుకోండి.